సమ్మె చేస్తే ఇల్లూ పోయేది

బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో శ్రీకాకుళం యాస వినిపిస్తే ఆశ్చర్యపోనక్కర్లేదు. ఛత్తీస్‌గఢ్‌లోని ఈ ఊరికి తెలుగువాళ్లను తెచ్చింది బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే (బీఎన్ఆర్). నాగ్‌పూర్-అసన్‌సోల్ మార్గం 1891కల్లా పూర్తయింది. 1931లో విజయనగరం-రాయపూర్ లైను కలిశాక ఉత్తరాంధ్ర పల్లెలకు ఇక్కడి పని మరింత దగ్గరైంది. ఖలాసీగానో, ఫైర్‌మన్‌గానో చేరినవాళ్లలో చాలామందికి జీతంతోపాటు క్వార్టరు. మెలిక అక్కడే ఉంది. పనిచ్చేవాడే ఇంటి యజమాని కూడా అయితే సమ్మె చేయడమంటే ఆలుబిడ్డల గూడును పణంగా పెట్టడమే.

అమెరికా కార్మికులకు ఇది 1894లోనే తెలిసొచ్చింది. రైలు పెట్టెలు తయారుచేసే పుల్‌మన్ కంపెనీ షికాగో పక్కన ఏకంగా ఊరే కట్టి కార్మికులకు ఇళ్లు అద్దెకిచ్చింది. మాంద్యం రాగానే జీతాలు కోసిన కంపెనీ అద్దెల్ని మాత్రం ముట్టుకోలేదు. యూజీన్ డెబ్స్ నేతృత్వంలోని అమెరికన్ రైల్వే యూనియన్ పుల్‌మన్ పెట్టెలున్న రైళ్లను నడపబోమని భీష్మించింది. టపా ఆగిపోతోందంటూ ప్రభుత్వం సైన్యాన్ని దించింది. డెబ్స్ జైలుకు వెళ్లారు, యూనియన్ కుప్పకూలింది. అయినా 1916లో మరో సమ్మె ముంచుకొస్తుంటే అమెరికన్ కాంగ్రెస్ హడావుడిగా రైల్వే సిబ్బందికి ఎనిమిది గంటల పనిదినాన్ని చట్టం చేసింది.

మన రైల్వే కార్మికులు 1974లో కూడా అదే ఎనిమిది గంటలు అడుగుతున్నారు! 1973 ఆగస్టులో ఇంజన్ సిబ్బంది సమ్మె చేస్తే పది గంటల హామీ దొరికింది. ఫ్యాక్టరీ కార్మికులకు 1965 చట్టం కింద వస్తున్న బోనస్ రైల్వేవాళ్లకు లేదు. చర్చలు సాగుతుండగానే మే 2న జార్జి ఫెర్నాండెజ్‌ను అరెస్టు చేశారు. 8న మొదలైన సమ్మెలో దేశవ్యాప్తంగా దాదాపు 17 లక్షల మంది పాల్గొన్నారని అంచనా. మీసా కింద, భారత రక్షణ నిబంధనల కింద వేలాదిమందిని జైళ్లలో పెట్టారు. అంతకన్నా గట్టి దెబ్బ కాలనీల మీద పడింది. అనేక చోట్ల సమ్మె చేసినవారి కుటుంబాలను క్వార్టర్ల నుంచి గెంటేశారు. జైలుకు సిద్ధపడిన మనిషి కూడా వీధిన పడ్డ పిల్లల్ని చూస్తే తడబడతాడు. మే 27న సమ్మె విరమించారు.

అప్పుడు రాష్ట్రపతి ఎవరు? వి.వి.గిరి. బరంపురంలో పుట్టిన ఈ తెలుగాయన 1920ల్లో బీఎన్ఆర్ కార్మికుల సంఘాన్ని నిర్మించి, ఉద్యోగాలు పోయినవారి కోసం సమ్మె నడిపిన నాయకుడు. రాజ్యాంగ పదవి చేతులు కట్టేస్తుందన్నది నిజమే కావచ్చు. ఆ లైన్లోని పాత కార్మికులకు మాత్రం ఆ మౌనం మింగుడుపడే విషయం కాదు.

ఓడిన సమ్మె ఫలితాలు ఆలస్యంగా అందాయి. ఉద్యోగాలు పోయినవారిని 1977లో జనతా ప్రభుత్వం వెనక్కి తీసుకుంది. బోనస్ 1979లో వచ్చింది.

2003లో బిలాస్‌పూర్ ఆగ్నేయ మధ్య రైల్వే కేంద్రమైంది. గుర్తింపు సంఘాల కోసం 2024 డిసెంబర్‌లో రహస్య బ్యాలెట్ జరిగింది. ఓటు పర్మినెంటు ఉద్యోగులకే. పెట్టెలు, ప్లాట్‌ఫారాలు ఊడ్చే కాంట్రాక్టు కూలీలకు ఆ ఓటూ లేదు, ఖాళీ చేయించడానికి క్వార్టరూ లేదు.