షవర్‌కి వాల్వ్ కొంటున్నారా? ముందు బకెట్ పెట్టి చూడండి!

చేతిలో ఫోన్ ఉంది. అందులో స్టాప్‌వాచ్ ఉంది. బాత్రూంలో బకెట్ ఉంది. మీ షవర్ నిమిషానికి ఎన్ని నీళ్లు తాగుతోందో తేలడానికి ఇవి చాలు.

షవర్ కింద బకెట్ పెట్టి, పూర్తిగా తిప్పి, సరిగ్గా ఒక నిమిషం పట్టండి. బకెట్ మీద గీతలు లేకపోతే లీటరు బాటిల్‌తో కొలిచి మార్కర్‌తో గీసుకోండి. షవర్ తల మరీ వెడల్పుగా ఉంటే దాని చుట్టూ ప్లాస్టిక్ కవర్ కట్టి ధారని బకెట్‌లోకి మళ్లించండి. వచ్చిన అంకె రాసుకోండి. వాల్వ్ కావాలా వద్దా అన్నది ఆ అంకే చెప్తుంది.

ఒక్క స్నానం, ఒకరి కోటా

నిమిషానికి 15 లీటర్లు వచ్చాయనుకుందాం. ఎనిమిది నిమిషాల స్నానానికి 120 లీటర్లు. మిషన్ భగీరథ లెక్కలో పల్లెల్లో ఒక మనిషికి రోజుకి 100 లీటర్లు, మున్సిపాలిటీల్లో 135 లీటర్లు. అంటే తాగడానికి, వండటానికి, బట్టలకి, బాసండ్లకి అన్నిటికీ కలిపి ఇచ్చే నీళ్లు దాదాపుగా ఒక్క షవర్‌కే అయిపోతాయన్నమాట!

అదే షవర్ 8 లీటర్లకి తగ్గితే స్నానానికి 64 లీటర్లు. ఒక మనిషికి 56 లీటర్లు మిగులు. నలుగురున్న ఇంట్లో రోజుకి 224 లీటర్లు. గీజర్ వాడే ఇంట్లో ఇంకో లాభం కూడా ఉంది. 56 లీటర్ల నీళ్లని 25 డిగ్రీల నుంచి 40కి వేడి చేయాలంటే దాదాపు ఒక యూనిట్ కరెంటు కావాలి. అది కూడా మిగిలినట్టే.

నారాయణఖేడ్‌లో ఈ లెక్క వట్టి లెక్క కాదు. మన నీళ్లకి ఆధారం మంజీర, దాని మీద కట్టిన సింగూరు. 2016 వేసవిలో సింగూరు అడుగంటింది, హైదరాబాద్‌కి అక్కడి నీళ్లు ఆగిపోయాయి. అదే ఏప్రిల్‌లో, ఇదే నదికి ఎగువన ఉన్న లాతూర్‌కి మిరజ్ నుంచి రైల్లో నీళ్లు మోశారు. అప్పుడు బోర్ల దగ్గర బిందెలు వరసపెట్టినవాళ్లకి లీటరు విలువ ఎవరూ చెప్పక్కర్లేదు.

మూడు రకాలు, మూడు పనులు

'ఫ్లో కంట్రోల్ వాల్వ్' అని వెతికితే ఆన్‌లైన్‌లో అన్నీ కలిపేసి చూపిస్తారు. నిజానికి అవి మూడు వేర్వేరు వస్తువులు.

ఒకటి, చిన్న రంధ్రం ఉన్న బిళ్ల. చవక. కానీ ప్రెషర్ పెరిగితే దీంట్లోంచి ధార కూడా పెరుగుతుంది. ప్రెషర్ నాలుగింతలైతే ధార సుమారు రెండింతలు.

రెండు, ఫ్లో రెగ్యులేటర్. లోపల మెత్తటి రబ్బరు రింగు ఉంటుంది. ప్రెషర్ పెరిగేకొద్దీ అది నొక్కుకుని దారిని ఇరుకు చేస్తుంది. అందుకే ప్రెషర్ ఎంతున్నా ధార దాదాపు ఒకేలా ఉంటుంది.

మూడు, చేత్తో తిప్పే బాల్ వాల్వ్. మీకు కావలసినంత తిప్పుకోవడమే.

మీ ట్యాంకు ఎంత ఎత్తులో ఉంది?

అసలు చిక్కు ఇక్కడే ఉంది. ట్యాంకులోని నీటి మట్టం షవర్ కన్నా 10 మీటర్లు పైన ఉంటే సుమారు 1 బార్ ప్రెషర్ వస్తుంది. రెగ్యులేటర్లు చాలావరకు ఆ 1 బార్ దగ్గర్నుంచే సరిగ్గా పనిచేస్తాయి. ఖేడ్‌లో ఒకే అంతస్తు ఇల్లు, స్లాబు మీద ట్యాంకు అయితే ఎత్తు తేడా రెండు మూడు మీటర్లే. అంటే 0.2, 0.3 బార్. అక్కడ రెగ్యులేటర్ పెడితే రబ్బరు రింగుకి చేయడానికి పనే ఉండదు, ఉన్న ధార కాస్తా చుక్కలవుతుంది.

కాబట్టి బకెట్ లెక్క 8 లీటర్లు, అంతకన్నా తక్కువ వచ్చిందా? వాల్వ్ కొనకండి. ఆ డబ్బు దాచుకోండి. బూస్టర్ పంపు ఉన్న ఇల్లయితేనో, హైదరాబాద్‌లో పదో అంతస్తు మీద ట్యాంకు, కింద మీ ఫ్లాట్ ఉంటేనో రెగ్యులేటర్ బాగా పనికొస్తుంది. అమెరికాలో 1994 నుంచి షవర్లకి నిమిషానికి సుమారు 9.5 లీటర్ల పరిమితి ఉంది. 8, 9 లీటర్ల రకం తీసుకుంటే స్నానానికి లోటుండదు.

బిగించడం పది నిమిషాల పని

ఇళ్లలో షవర్ పైపు థ్రెడ్ ఎక్కువగా అర ఇంచుదే. నీళ్లు కట్టేసి షవర్ తలని విప్పండి. పాత టేపు గీకేయండి. కొత్త టెఫ్లాన్ టేపుని థ్రెడ్ తిరిగే వైపుకే, అంటే గడియారం ముల్లు దిశలో నాలుగైదు చుట్లు చుట్టండి. వాల్వ్ మీద బాణం గుర్తుంటే అది షవర్ తల వైపు ఉండాలి. చేత్తో బిగించాక, గుడ్డ చుట్టి పానాతో కొంచెం తిప్పితే చాలు. బలం చూపిస్తే గోడలోపలి జాయింటు కదులుతుంది.

బోరు నీళ్లయితే ఇంకో మాట. ఉప్పు తెల్లగా పేరుకుని రంధ్రాలు మూసుకుపోతాయి. అప్పుడప్పుడు విప్పి వెనిగర్‌లో నానబెట్టి కడగండి.

గీజర్ ఉంటే జాగ్రత్త

సబ్బు రాసుకునేటప్పుడు ఆపుకోవడానికి షవర్ దగ్గర బాల్ వాల్వ్ పెట్టుకునేవాళ్లున్నారు. మంచి ఆలోచనే. నిమిషానికి 9 లీటర్ల షవర్‌ని మూడు నిమిషాలు ఆపితే 27 లీటర్లు మిగుల్తాయి. కానీ వేడి, చల్ల రెండు నల్లాలూ తెరిచే ఉంచి, ఈ వాల్వ్ ఒక్కటే పూర్తిగా మూస్తే వేడి నీళ్లు చన్నీళ్ల పైపులోకి ఎక్కే ప్రమాదం ఉంది. మళ్లీ తెరిచినప్పుడు ఒళ్లు కాలొచ్చు. ఆపాలంటే నల్లాలనే కట్టేయండి. లేదా మూసినా సన్నధార వదిలే రకం వాల్వ్ కొనండి. నీళ్లు బయటికెళ్లే దారి ఎప్పుడూ తెరిచే ఉండాలని కంపెనీ పుస్తకంలో రాసిన గీజర్లకి మూసే వాల్వ్ అసలు పెట్టొద్దు. గ్యాస్ గీజర్‌కి కనీస ధార లేకపోతే మంటే రాదు. అదీ చూసుకోండి.

ఇక నిజం చెప్పుకోవాలంటే, పొదుపులో ఏ వాల్వ్ అయినా మన ఇంట్లో బకెట్, మగ్గు తర్వాతే. 20 లీటర్ల బకెట్‌తో సమానం కావాలంటే 8 లీటర్ల షవర్ కింద రెండున్నర నిమిషాల్లో స్నానం అయిపోవాలి. షవర్ వదలలేమంటారా? సరే. వాల్వ్ బిగించిన రోజే మళ్లీ బకెట్ పెట్టండి, స్టాప్‌వాచ్ నొక్కండి. పాత అంకె పక్కన కొత్త అంకె రాయండి. తేడా కనిపించకపోతే వాల్వ్ వెనక్కి పంపేయండి.