సెకండ్ హ్యాండ్ ఈ-స్కూటర్ కొంటున్నారా? ముందు రీకాల్ సంగతి తేల్చుకోండి

గెలాక్సీ నోట్ 7 గుర్తుందా? 2016లో బ్యాటరీలు కాలిపోతుంటే శాంసంగ్ ఆ ఫోన్లను వెనక్కి పిలిచింది. మార్చి ఇచ్చినవి కూడా అంటుకోవడంతో మోడల్‌నే ఆపేసింది. స్కూటర్ రీకాల్ కూడా అలాంటిదే. కాకపోతే ఈ బ్యాటరీ జేబులో పట్టేది కాదు, రాత్రంతా ఇంట్లో ఛార్జింగ్‌లో ఉండేది.

2022 ఏప్రిల్‌లో ఏం జరిగిందో చూడండి. నిజామాబాద్‌లో ఇంట్లో ఛార్జింగ్ పెట్టిన ప్యూర్ ఈవీ బ్యాటరీ పేలి ఒక పెద్దాయన చనిపోయారు. వెంటనే ఈ హైదరాబాద్ కంపెనీ ఈట్రాన్స్ ప్లస్, ఈప్లూటో 7జీ మోడళ్లలో 2,000 బండ్లను రీకాల్ చేసింది. 23న మన ఏలూరు పక్కనే ఉన్న విజయవాడలో, పడకగదిలో ఛార్జింగ్ పెట్టిన మరో కంపెనీ బ్యాటరీ పేలి ఇంకొకరు పోయారు. అదే నెలలో ఒకినావా 3,215, ఓలా 1,441 స్కూటర్లను వెనక్కి పిలిచాయి.

లోపం ఎక్కడుంటుంది? ప్యాక్‌లో పదుల కొద్దీ సెల్స్ ఉంటాయి. ఒక్క సెల్ లోపల షార్ట్ అయితే అది వేడెక్కి పక్కదాన్ని అంటిస్తుంది, అది ఇంకోదాన్ని. దీన్నే థర్మల్ రన్‌అవే అంటారు. వోల్టేజ్, వేడి హద్దు దాటితే కరెంట్ ఆపాల్సింది బీఎంఎస్. అది నాసిరకమైతే ఇక ఆపేవాడు లేనట్టే.

అందుకే కేంద్రం ఏఐఎస్-156 రూల్స్ బిగించింది. 2022 డిసెంబర్ 1 నుంచి మొదటి దశ, 2023 మార్చి 31 నుంచి రెండోది. తాడేపల్లిగూడెంలోనో ఏలూరులోనో పాత బండి చూస్తుంటే, రేటు కంటే ముందు తయారైన నెల అడగండి. అంతకు ముందుదైతే నేనైతే వదిలేస్తా.

కొల్లేరు వైపు వాళ్లకి ఇంకో మాట. కొత్త రూల్స్‌లో ప్యాక్‌కి ఐపీఎక్స్7 పరీక్ష ఉంది. మన ఫోన్ల ఐపీ67లో ఉన్న 7 ఇదే: మీటరు లోతు నీళ్లలో అరగంట. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు వరద కొల్లేరుకి చేరినప్పుడు ఊళ్లలో నీళ్లు అరగంటలో తగ్గలేదు కదా! మునిగిన బ్యాటరీ ఆరిపోయినట్టు కనిపించినా రోజుల తర్వాత కూడా అంటుకోవచ్చు. ఛార్జింగ్ పెట్టకుండా, ఇంటికి దూరంగా ఉంచి సర్వీస్ సెంటర్‌కి ఫోన్ చేయండి.

మోటారు వాహనాల చట్టం సెక్షన్ 110ఏ ప్రకారం లోపమున్న బండ్లను రీకాల్ చేయమని కంపెనీని ప్రభుత్వం ఆదేశించవచ్చు. రిపేరు ఖర్చు కంపెనీదే. ఫిర్యాదుకి పరివాహన్ సైట్‌లో వెహికల్ రీకాల్ పేజీ ఉంది. మరి గంటకి 25 కిలోమీటర్లు దాటని, 250 వాట్ల లోపు చిన్న బండ్లో? లైసెన్స్ అక్కర్లేదు, నంబర్ ప్లేట్ లేదు అని మురిసిపోతాం. చట్టం దృష్టిలో అవి అసలు మోటారు వాహనాలే కావు. రిజిస్ట్రేషన్ లేదు కాబట్టి ఆ బండి ఇప్పుడు ఎవరి దగ్గరుందో ఏ రికార్డులోనూ ఉండదు.

చేతులు మారిన బండికీ ఇదే చిక్కు. రీకాల్ మెసేజ్ మొదటి ఓనర్ ఫోన్‌కే వెళ్తుంది. అందుకే ఛాసిస్ నంబర్, బ్యాటరీ సీరియల్ నంబర్ రెండూ ఫొటో తీసి, కంపెనీ కస్టమర్ కేర్‌కి పంపి ‘ఇది రీకాల్‌లో ఉందా, ఉంటే పని పూర్తయిందా’ అని మెయిల్‌లోనే అడగండి. రెండు నంబర్లూ ఎందుకంటే, ఊడదీసే బ్యాటరీ వేరే బండిదై ఉండొచ్చు.