ఆల్బెర్ట్ బాసెర్మన్ – వాచికాభినయము

ఆంగిక వాచికాహార్య సాత్త్వికములని యభినయము చతుర్విధము. అందు వాక్కు నాట్యమునకు శరీరమని భరతముని నిర్ణయము. ఆ వాక్కే దూరమైనచో నటునకు మిగులున దేమి? జర్మనునటుఁడగు ఆల్బెర్ట్ బాసెర్మన్ చరిత్రమువలన నీ విషయమును విచారింపవచ్చును.

ఇతఁడు 1867లో మాన్‌హైమ్ నగరమున జనించెను. మొదట రసాయనశాస్త్రము నభ్యసించి, 1887లో స్వనగరమందే రంగమెక్కెను. పిదప మైనింగెన్ నాటకశాలయందుఁ గొంతకాలముండి, బెర్లిన్‌లో ఆటో బ్రామ్, మాక్స్ రైన్‌హార్ట్ అను ప్రయోక్తలకడ ఇబ్సెన్, షేక్స్పియరు నాటకములలోని ముఖ్యపాత్రలను ధరించి ప్రసిద్ధుఁడయ్యెను. జర్మనుభాషానటులలో శ్రేష్ఠునకుఁ జెల్లునట్టి ఇఫ్లాండ్ ఉంగరము 1911లో నితనికి లభించెను.

1913లో నితఁడు ‘డెర్ ఆండెరె’ అను చిత్రమున ద్విస్వభావుఁడగు న్యాయవాదిగా నటించెను. అది మూకచిత్రము, వాచికము లేకయే పాత్రను నిర్వహింపవలసెను. ఇది మొదటి పరీక్ష. రెండవది యింతకంటెఁ గఠినము. ఇతని భార్య యగు ఎల్జా షిఫ్ యూదురాలు, తానును నటియే. 1933లో హిట్లరు ప్రభుత్వ మేర్పడుటతో నామెకు జర్మనురంగమునఁ జోటు లేకపోయెను. భార్యను విడిచి రంగమును నిలుపుకొనుట కితఁ డియ్యకొనలేదు. 1934లో స్వదేశమును విడిచెను. 1939లో అమెరికా చేరెను. అప్పటికి వయస్సు డెబ్బది దాఁటినది. ఆంగ్లము సరిగా రాదు. అయినను భార్యసాయమున సంభాషణములను ధ్వనిమాత్రముగా వల్లించి, 1940లో హిచ్‌కాక్ దర్శకత్వము వహించిన ‘ఫారిన్ కరస్పాండెంట్’ చిత్రమున వాన్ మీర్ అను డచ్చు రాజనీతిజ్ఞుని పాత్రను ధరించెను. ఆ నటనకు, సహాయపాత్రధారుల వర్గమున, అకాడమీ బహుమానమున కితని పేరు నిర్దేశింపఁబడెను.

ఇచట నొక యాక్షేపము కలుగును. వేదము నధ్యయనముచేసియు నర్థ మెఱుఁగనివాఁడు బరువు మోయు స్తంభమువంటివాఁడని నిరుక్తమునఁ గలదు గదా, ఇతఁడు నట్టివాఁడేనా? కాఁడు. ఇతనికి లోపించినది పదపదార్థజ్ఞానము, వాక్యార్థజ్ఞానము కాదు. వాక్య మఖండమనియు, పదవిభాగము కల్పితమనియు భర్తృహరి పక్షము. ఎవరితో, ఏ సందర్భమున, ఏ కాకువుతోఁ బలుకవలయునో యెఱిఁగినవాఁడు వాక్యము నెఱిఁగినవాఁడే. కనుకనే స్తంభము మోయునది బరువును, ఇతఁడు మోసినది భావమును.

1946 తరువాత నితఁడు యూరోపునకు మరలి స్వభాషలో నటించెను. 1948లో ‘ది రెడ్ షూస్’ అను ఆంగ్లచిత్రమునను గానవచ్చెను. 1952 మే 15వ తేదిని జూరిచ్‌నకుఁ బోవుచు విమానమందే గతించెను. రంగమెక్కినది మొద లప్పటికి అఱువదియైదేండ్లు.

పాఠశాలలలో బాలురచేఁ బద్యములు వల్లింపించువారు వర్ణశుద్ధిమాత్రముతోఁ దృప్తిపడక కాకువును గూడ నేర్పవలయుననుట కీతని చరిత్రము సాక్ష్యము.