డిగ్రీ సీటుకు ‘దోస్త్’: చిక్కంతా ఫోను నంబరుతోనే

(మా గ్రామీణ విలేకరి)

ఇంటర్ గట్టెక్కిన పిల్లలు డిగ్రీలో చేరాలంటే ఒకప్పుడు బస్సెక్కి కళాశాల కళాశాలకూ తిరిగి, విడివిడిగా దరఖాస్తులు కొనవలసి వచ్చేది. తెలంగాణలో 2016లో ‘దోస్త్’ వచ్చాక ఆ తిరుగుడు తగ్గింది. ఉస్మానియా, కాకతీయ, పాలమూరు వంటి విశ్వవిద్యాలయాల పరిధిలోని కళాశాలల సీట్లను ఒకే కంప్యూటర్ పద్ధతిలో నింపుతున్నారు. తొలి విడతలో 200 రూపాయలు కట్టి పేరు నమోదు చేసుకుంటే చాలు.

అయితే ఆధార్‌కు ముడిపడిన ఫోనుకే ఓటీపీ వస్తుంది. ఆ సిమ్ము ఎప్పుడో పారేసిన ఇళ్లు పల్లెల్లో కోకొల్లలు. అటువంటివారు మీసేవా కేంద్రానికి వెళ్లి వేలిముద్రతో నమోదు చేయించుకోవచ్చు. గడువు చివరి రోజుదాకా ఆగితే అక్కడ బారులు తప్పవు.

అంతకన్నా పెద్ద ముప్పు కళాశాలల వరుసలో ఉంది. కంప్యూటరు మొదటి పేరు నుంచి చూసుకుంటూ పోయి, మార్కులకు ఎక్కడ సీటు అందితే అక్కడే ఆగుతుంది. నెట్ సెంటర్ కుర్రవాడు తనకు తోచిన పేరు పైన పెట్టాడా, బస్సు లేని చోట సీటు రావచ్చు. ఆడపిల్లయితే చదువు ఆగినట్టే లెక్క! ఏ కళాశాలలో ఏ గ్రూపు ఉందో, బస్సు ఎన్ని గంటలకో కనుక్కుని ఇంటి దగ్గరే కాగితంపై వరుస రాసుకెళ్లడం మేలు. కళాశాల తరఫున ఊళ్లోకి వచ్చే ఏజెంటుకు ఓటీపీ చెప్పరాదు.

సీటు వచ్చిందన్న సందేశం చూసి, కళాశాల తెరిచాక పోదాంలే అనుకుంటే కుదరదు. గడువులోగా ఆన్‌లైన్‌లో సెల్ఫ్ రిపోర్టింగ్ చేయకపోతే ఆ సీటు చేజారుతుంది.