పొరస్పంజిక: లక్షణనిర్ణయము

విశాఖపట్టణపు శిలాతీరమున సముద్రము వెనుకకుఁ దీసినపుడు రాళ్లసందులలో రంగుపూఁతవలె నంటుకొనిన మెత్తని పొరలు కనఁబడును. వానిలోఁ గొన్ని స్పంజికలు. చూచుటకు నాఁచువలె నున్నను నివి జంతువులు. దేహమందలి సూక్ష్మరంధ్రములచే నీటిని లోనికిఁ బీల్చి, యాహారకణములను గ్రహించి, పెద్దరంధ్రములనుండి వెలికిఁ బుచ్చును. అందుచేతనే రాబర్టు గ్రాంటు పండితుఁడు 1836లో నీ వర్గమునకు రంధ్రధారులను నర్థమిచ్చు 'పొరిఫెరా' యను పేరిడెను.

ఇట్టి పొరను జూచి యిది ఫలానిజాతి యని చెప్పుట యెట్లు? అవ్యాప్త్యతివ్యాప్త్యసంభవములను మూఁడు దోషములు లేనిదే లక్షణమని మన శాస్త్రకారుల నిర్ణయము. ఆ న్యాయమే యిచటఁ జెల్లును. ఐరోపాతీరములఁ బ్రసిద్ధమైన 'హాలికాండ్రియా పానీసియా' యను స్పంజిక వెలుతురున్నచోఁ దనయందలి శైవలములచేఁ బచ్చగను, నీడపట్టున లేఁబసుపుగను నుండును. కావున హరితవర్ణమును లక్షణముగాఁ జెప్పిన నవ్యాప్తి. ఇతరజాతులయందును బచ్చనివి కలవు గాన నతివ్యాప్తి. ఆకారమును నమ్మరాదు. అలలు కొట్టుచోట నది పలుచనిపొర. అలలు సోఁకనిచోట గొట్టములు లేచిన దళసరిముద్ద.

నమ్మఁదగిన సాక్ష్యము దేహములోని కంటకములది. చిన్నతునుకను సోడియము హైపోక్లోరైటు ద్రావకమున నానవేసినచో మాంసము కరఁగి కంటకములు మిగులును. సున్నపుకంటకములుగల స్పంజికలును గలవు. ఆమ్లమున నవి కరఁగిపోవును గాన నామ్లము వాడరాదు. మిగిలినవానిని గడిగి, సూక్ష్మదర్శినితోఁ జూచి, పెక్కింటిని గొలిచి, కనిష్ఠగరిష్ఠములను వ్రాయవలెను. ఐనను విడికంటకములు పదములవంటివి. వాని కూర్పు వాక్యమువంటిది. కావున వేఱొకతునుకను నిలువునఁ బలుచగాఁ గోసి యన్వయమును జూడవలెను. పానీసియాయందు రెండుకొనలును వాఁడియైన సూదులే కలవు; అవి లోపలఁ జిందరవందరగాఁ బడియుండి, పైచర్మమున వలవలె నల్లుకొనును.

నామమునందును వ్యాకరణమునకుఁ జోటు కలదు. లాటినుభాషలో విశేషణము విశేష్యలింగము ననుసరించును. పల్లాసు 1766లో నీ జాతిని 'స్పంజియా' గణమునఁ జేర్చి, రొట్టెను బోలినదను భావముతో 'పానీసియా' యనెను. గణము పిదప మాఱుటచే నాతనిపేరిని, సంవత్సరమును గుండలీకరణమున వ్రాయుదురు. క్రొత్తగణనామమును స్త్రీలింగమే గాన విశేషణరూపము మాఱలేదు.

పాఠ్యగ్రంథములకుఁ దెనుఁగుపేళ్లు కూర్చు పండితు లిది గమనింపవలెను. 'పచ్చస్పంజిక' యని పేరిడినచో, నీడలోఁ బసుపుగానున్న యా జంతువునే విద్యార్థి వేఱొకజాతి యని భ్రమించును. పేరు పైరంగును గాక లక్షణము ననుసరింపవలెను.