పేజీ తిరగడానికి అర సెకను

ఈ-రీడర్‌లో పేజీ తిప్పితే తెర ఒక్కసారి నల్లబడి, తెల్లబడి, ఆ తర్వాత గానీ అక్షరాలు కుదురుకోవు. ఫోనుకు అలవాటుపడిన కంటికి ఇది నత్తనడకే. చిప్పు నాసిరకమేమో అనుకుంటాం. కానీ ఈ ఆలస్యంలో పెద్ద వాటా తెరలోని ద్రవానిది.

కిండిల్, కోబోల్లో ఉండేది ఈ-ఇంక్ తెర. 1990ల్లో ఎంఐటీ మీడియా ల్యాబ్‌లో జోసెఫ్ జేకబ్‌సన్, ఆయన విద్యార్థులు దీన్ని రూపొందించారు. 2004లో జపాన్‌లో సోనీ లిబ్రియే, 2007లో కిండిల్ దీంతోనే వచ్చాయి.

తెర నిండా వెంట్రుక మందంలో ఉండే లక్షల గుళికలుంటాయి. ఒక్కో గుళికలో పారదర్శకమైన ద్రవం, అందులో తెల్లటి టైటానియం డయాక్సైడ్ రేణువులు, వాటికి వ్యతిరేక విద్యుదావేశంతో నల్లటి రేణువులు. సుమారు 15 వోల్టులు ఇస్తే ఒక రంగువి పైకి తేలతాయి, రెండోవి అడుగుకు చేరతాయి. ఎల్‌సీడీలో అణువులు ఉన్నచోటే పక్కకు తిరిగితే చాలు. ఇక్కడ రేణువు జిగట ద్రవాన్ని తోసుకుంటూ ఈ గోడ నుంచి ఆ గోడకు ఈదాలి. ఫోను తెర సెకనుకు 60 సార్లు మారగలిగితే, ఇక్కడ ఒక్క పేజీ శుభ్రంగా మారడానికి దాదాపు అర సెకను పడుతుంది. చలిలో కొబ్బరినూనెలాగే ఈ ద్రవమూ చిక్కబడుతుంది. అందుకే పరికరం ఉష్ణోగ్రత చూసుకుని, చల్లగా ఉంటే వోల్టేజీని ఎక్కువసేపు ఇస్తుంది.

మరి తెర నల్లబడి తెల్లబడే ఆ మెరుపెందుకు? తెరపై 16 బూడిద ఛాయలు చూపాలంటే రేణువులను దారి మధ్యలో సరిగ్గా ఆపాలి. అవి ఎక్కడ బయల్దేరాయో కచ్చితంగా తెలియకపోతే ఎక్కడ ఆగుతాయో చెప్పలేం. అందుకే ముందు అన్నిటినీ అటూ ఇటూ తోసి, ఒకే గీత మీదికి తెస్తారు. ఇలా చేయకపోతే పాత పేజీ నీడ కొత్త అక్షరాల వెనక మిగిలిపోతుంది. నలుపు తెలుపులతో సరిపెట్టుకుంటే సెకనులో ఎనిమిదో వంతులోనే తెర మారుతుంది, కానీ ఆ నీడలు పేరుకుంటాయి.

చిప్పును నిజంగా తప్పుపట్టాల్సిన చోటూ ఉంది. మామూలు ఈ-పుస్తకంలో మనం చదువుతుండగానే తర్వాతి పేజీని సిద్ధం చేసి ఉంచవచ్చు. స్కాన్ చేసిన పీడీఎఫ్‌లో ప్రతి పేజీ ఒక పెద్ద బొమ్మ, దాన్ని సిద్ధం చేయడానికి చిప్పుకు ఎక్కువసేపు పడుతుంది. పాత తెలుగు పుస్తకాలు ఎక్కువగా ఈ రూపంలోనే దొరుకుతాయి కాబట్టి మనకు ఈ బాధ ఎక్కువ. కొనేముందు అలాంటి పుస్తకమొకటి ఎక్కించి, పేజీలు తిప్పి చూడటం మేలు.

తెర నెమ్మదితనాన్ని మాత్రం నేను లోపమనలేను. ద్రవంలో కలిపే పాలిమర్ కరెంటు ఆపాక కూడా రేణువులను కదలకుండా పట్టి ఉంచుతుంది, అదే వాటి ఈతనూ మందగింపజేస్తుంది. పేజీ నిలిచి ఉండటానికి కరెంటు అక్కర్లేదు కనకే బ్యాటరీ వారాల తరబడి వస్తుంది. మెరుపు చికాకనిపిస్తే కోబోలో ఎన్ని పేజీలకోసారి రావాలో మనమే పెట్టుకోవచ్చు. నవలకైతే అధ్యాయానికి ఒక్కసారి చాలు. బొమ్మల పుస్తకానికి మాత్రం ప్రతి పేజీకీ ఉంచండి.