బేస్ లైన్ ఇంకొకరికి రాసి ఇవ్వడం ఎట్లా?

మీ ఫోన్ స్పీకర్‌లో ఏదైనా పాట పెట్టి, అందులో బేస్ గిటార్ ఒక్కటే వినడానికి ట్రై చేయండి. చాలా పాటల్లో దొరకదు. బేస్ గిటార్ మీద అన్నిటికంటే లావు తీగను ఎక్కడా నొక్కకుండా మీటితే, అది సెకనుకు దాదాపు 41 సార్లు కంపిస్తుంది. అంత కింది స్వరాన్ని అరచేతిలో పట్టే ఫోన్ పలకలేదు. అందుకే "వాయిస్ నోట్ పంపిస్తా, విని నేర్చుకో" అనే మాట లీడ్ గిటార్‌కు నడుస్తది గానీ బేస్‌కు నడవదు. ఎవరో ఒకరు రాసి ఇవ్వాలి.

కాలేజీ బ్యాండ్‌కు ఈ అవసరం ప్రతి ఏడాదీ వస్తది. ఫైనల్ ఇయర్ అన్న ఇంటర్న్‌షిప్‌కు హైదరాబాద్ పోతడు, అతని వేళ్లలో ఉన్న పది పాటలు అతనితోపాటే పోతయి. కొత్తగా వచ్చే జూనియర్ మిర్యాలగూడలోనో వనపర్తిలోనో యూట్యూబ్ చూసి గిటార్ నేర్చుకున్నవాడు. ఐదు గీతల వెస్టర్న్ స్టాఫ్ నోటేషన్ చదవడం రాదు. ఫెస్ట్‌కు మూడు వారాలే టైమ్. అతనికి ఏం రాసిస్తే రేపటికల్లా వాయించగలడు? అసలు ప్రశ్న ఇదీ.

అందరికీ మొదట గుర్తొచ్చేది ట్యాబ్. నాలుగు తీగలకు నాలుగు గీతలు, గీత మీద ఏ మెట్టు నొక్కాలో ఆ నంబర్. (ఫ్రెట్‌ను మెట్టు అంటున్నా. ఇది నా అనువాదం కాదు. ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా దర్శనం మొగిలయ్య గారిది 12 మెట్ల కిన్నెర. 2022లో ఆయనకు పద్మశ్రీ వచ్చినప్పుడు అన్ని పేపర్లూ ఆ మాటే రాసినయి.) ట్యాబ్ ఇట్లా ఉంటది, సన్న తీగ పైన, లావు తీగ కింద:

జీ |--------|--------|
డీ |--------|--------|
ఏ |----3-5-|--------|
ఈ |5--5----|5--5-33-|

ఐదు నిమిషాల్లో ఎవరికైనా అర్థమవుతది. కానీ రెండు బార్‌ల మొదట్లో ఉన్న "5--5" చూడండి. మొదటి బార్‌లో నా ఉద్దేశం ఆ స్వరాన్ని మూడు గళ్లూ లాగాలని. రెండో బార్‌లో రెండు గళ్లు మోగించి, మూడో గడిలో తీగ మీద చెయ్యి పెట్టి ఆపేయాలని. కాగితం మీద రెండూ ఒక్కటే! వేలు ఎక్కడ పెట్టాలో ట్యాబ్ చెప్తది, ఎప్పుడు తీయాలో చెప్పదు. బేస్‌లో ఆ తీయడమే సగం పని. డ్రమ్స్ వాయించేవాడు కిక్ కొట్టినప్పుడు బేస్ ఆగితే పాట నడక ఒకటి, లాగితే ఇంకొకటి. స్వరం తప్పితే వినేవాళ్లలో సంగీతం తెలిసిన నలుగురికి తెలుస్తది, పొడవు తప్పితే ఆడిటోరియంలో ఎవరి కాలూ ఊగదు.

పొడవు రాయడానికి మన దగ్గర ఎప్పటినుంచో ఒక పద్ధతి ఉంది, మనమే పట్టించుకోం. టెన్త్‌లో గణ విభజన చేశాం కదా: హ్రస్వం లఘువు, ఒక మాత్ర, దీర్ఘం గురువు, రెండు మాత్రలు. కర్ణాటక సంగీతం పుస్తకాల్లో స్వరాలు రాసేదీ ఈ లెక్కతోనే. "స" అంటే ఒక గడి, "సా" అంటే రెండు. ఇంకో గడి లాగాలంటే పక్కన కామా. ఇంగ్లిష్ అక్షరాలతో రాస్తే పొడవుకు వేరే గుర్తు పెట్టాలి. తెలుగులో పొడవు అక్షరంలోనే ఉంది. సుబ్బరామ దీక్షితులు 1904లో ఎట్టయపురం నుంచి తెచ్చిన సంగీత సంప్రదాయ ప్రదర్శిని అంత పెద్ద గ్రంథం. అది తెలుగు లిపిలోనే అచ్చయింది.

అయితే ఉన్నదున్నట్టు తీసుకుంటే బేస్‌కు ఒక చిక్కు ఉంది. ఆ పద్ధతిలో కామా అంటే ముందు స్వరం సాగుతున్నట్టు. ఇక్కడ చప్పుడు ఆపు అని చెప్పే గుర్తు మనకు విడిగా కావాలి. నేను అడ్డగీత వాడతా. కింది స్థాయి స్వరానికి పుస్తకాల్లో అక్షరం కింద చుక్క ఉంటది. ఫోన్‌లో అది టైప్ చేయడం నరకం, కాబట్టి చుక్కను అక్షరానికి ముందు పెడతా. బార్‌కు ఎనిమిది గళ్లు అనుకుంటే పై ట్యాబ్ ఇట్లా అవుతది:

సా , స గా మా | సా – స – .ని .ని – |

లెక్క చూడండి. మొదటి బార్: రెండు, ఒకటి, ఒకటి, రెండు, రెండు. ఎనిమిది. రెండో బార్‌లో మూడో గడి, ఐదో గడి, ఎనిమిదో గడి మౌనం. ట్యాబ్‌లో దాక్కున్న తేడా ఇక్కడ కళ్లముందే ఉంది. పైన ఒక్క లైను చేర్చాలి: "సా = ఈ తీగ 5వ మెట్టు; గ2, ని2". గాంధారం, నిషాదం ఒక్కోటి మూడు రకాలు కాబట్టి నంబర్ వేయకపోతే వాడు ఏది వాయిస్తడో దేవుడికే తెలియాలి. ఇంకోమాట, గిటార్ నేర్చుకునేవాళ్లంతా మొదట పట్టుకునే మైనర్ పెంటటానిక్ స్కేల్‌లో ఉన్న స్వరాలు స గ2 మ1 ప ని2. అవి మన శుద్ధ ధన్యాసి స్వరాలే. గమకం సంగతి వేరు.

దీని అసలు లాభం ఫెస్ట్ రోజు తెలుస్తది. సింగర్‌కు జలుబు చేసి "అర స్వరం కిందికి దించండి" అంటది. స్వరాల్లో రాస్తే పైన ఉన్న లైను ఒక్కటే మారుతది: సా ఇప్పుడు 4వ మెట్టు. ట్యాబ్ అయితే ప్రతి నంబర్‌లోంచి ఒకటి తీసేయాలి, మధ్యలో నొక్కకుండా మీటే తీగ, అంటే సున్నా, ఉంటే ఇరుక్కుపోతం. పైథాన్‌లో మైనస్ ఒకటి అంటే లిస్టులో చివరిది వస్తది, బేస్ మెడ మీద మాత్రం ఏమీ రాదు. అమెరికాలో నాష్‌విల్ స్టూడియో వాద్యకారులు కూడా ఇదే కారణంతో 1950ల చివర్లో అక్షరాలు వదిలి నంబర్లకు మారారు. నీల్ మాథ్యూస్ అనే గాయకుడు మొదలుపెట్టిన పద్ధతి అది. వాళ్ల 1, 4, 5 మన స, మ, ప.

స్వరాల పద్ధతి చెప్పలేనిదీ ఉంది. ఒకే స్వరం రెండు మూడు చోట్ల దొరుకుతది. పై లైన్‌లో గాంధారం ఏ తీగ మీద 3వ మెట్టు, ఈ తీగ మీద 8వ మెట్టు కూడా. లావు తీగ మీద మందంగా, సన్న తీగ మీద స్పష్టంగా వినిపిస్తది. అది ముఖ్యమనుకున్న చోట మాత్రమే పక్కన చిన్నగా "ఏ3" అని రాయండి. ప్రతి స్వరానికీ రాస్తే మళ్లీ ట్యాబే. జారుడుకు వాలుగీత, మ్యూట్ చేసి టక్‌మనిపించే దానికి × చాలు. దీక్షితులు కూడా స్వరాలతో ఆగలేదు, గమకాలకు ఒక్కోదానికి ఒక్కో గుర్తు పెట్టుకున్నారు.

స్టాఫ్ నోటేషన్ ఈ పనులన్నీ చేస్తది, అంతకంటే ఎక్కువే. ఇళయరాజా ప్రతి వాద్యానికీ అందులోనే చేత్తో రాసి ఇస్తారు. గీతాంజలి (1989) పాటల్లో బేస్ ఎక్కడికక్కడ వేరే దారిలో నడవడం వెనుక ఆ కాగితం ఉంది. కానీ చూసి వెంటనే చదవాలంటే నెలల ప్రాక్టీసు కావాలి. మూడు వారాల్లో ఫెస్ట్ ఉన్నవాడికి అది ఇవ్వడం అన్యాయం.

ఇంకోవైపు, వాయించేవాడు బాగా అనుభవం ఉన్నవాడైతే నోటు నోటుకూ రాయకండి, చిరాకు పడతడు. తీగల పేర్లు కాకుండా కార్డులు, బార్‌ల సంఖ్య ఇచ్చి, పాటను గుర్తుపట్టించే ఆ రెండు బార్‌లు మాత్రం పూర్తిగా రాసిస్తే చాలు. కొత్తవాడికి కూడా మొత్తం పాట రాయనక్కర్లేదు. మనం ఫంక్షన్ ఒకసారి రాసి పదిసార్లు కాల్ చేస్తం కదా, అట్లనే: లైన్‌కు "అ" అని పేరు పెట్టి, పల్లవి: అ × 4, చరణం: ఆ × 8, చివరి బార్ వేరే. ఆ "చివరి బార్ వేరే" అన్నది మాత్రం కొట్టొచ్చినట్టు రాయాలి, అందరూ తడబడేది అక్కడే.

ఎడుపు సంగతి కూడా. లైన్ తాళం మొదటి దెబ్బతోపాటు మొదలవుతదా, దానికి ముందే అందుకుంటదా? ముందే అయితే బార్ గీతకు ఎడమవైపు ఆ ఒకటి రెండు స్వరాలు రాసి, అసలు "ఒకటి" ఎక్కడ పడతదో అక్కడ గీత కొట్టండి. అది లేకపోతే స్వరాలన్నీ కరెక్టే ఉండి పాటంతా అర దెబ్బ పక్కకు జరిగిపోతది.

రాశాక దప్పు వాయించేవాళ్ల పద్ధతిలో నోటితో చెప్పి చూడండి. వాళ్లు దరువును ముందు నోటితో పలికిస్తరు, తర్వాత చేతికి ఇస్తరు. "సా స గా మా" అని చప్పట్లతో చదివితే లెక్క తప్పిన గడి నాలుకకే తెలిసిపోతది. తర్వాత ఆ పాట వాయించని ఒకరికి కాగితం ఇచ్చి, మీరు వాయించి చూపించకుండా, నోరు మూసుకుని కూర్చోండి. వాడు ఎక్కడ ఆగితే అక్కడ ఒక గుర్తు తక్కువైంది.

ట్యాబ్ పంపాల్సి వస్తే వాట్సాప్‌లో ముందూ వెనుకా మూడేసి బ్యాక్‌టిక్‌లు పెట్టండి, నంబర్లు వరుసలో నిలబడతయి. తెలుగు అక్షరాలు మాత్రం అప్పుడు కూడా ఒకే వెడల్పులో రావు. స్వరాలకు ఆ బాధ లేదు, వాటిని చదివేది వరుస చూసి కాదు, లెక్కపెట్టి. గ్రూప్‌లో పడేసిన ఫొటో రెండు నెలల్లో గుడ్ మార్నింగ్‌ల కింద మునిగిపోతది. బ్యాండ్‌కు ఒక డ్రైవ్ ఫోల్డర్ పెట్టి, పాట పేరు, శ్రుతి, వేగం మూడూ ఫైల్ పేరులోనే రాసి, పాస్‌వర్డ్ సెకండ్ ఇయర్‌వాళ్ల చేతిలో పెట్టండి.